లూదియమ్మ పిడికిలి

రండి, రండి. చాప మీద ఇంకా చోటుంది. వెనక నిలబడ్డ మావయ్యా, మీరూ ముందుకు జరగండి. నా గొంతు పెద్దదే గానీ ఈ కథ మాత్రం మెల్లగా చెప్పాల్సింది.

అనగనగా, కాలవలు ఇంకా తవ్వని రోజుల్లో, రేగుకొండ కింద ఒక పేట. ఆ పేటలో లూదియమ్మ అని ఒక విధవరాలు. ఇంటింటికీ పోయి వడ్లు దంచేది. దంచీ దంచీ ఆమె అరచెయ్యి చాటంత అయింది. "లూదియమ్మత్త తల నిమిరితే కళ్ళు కూడా మూసుకుపోతాయి" అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

పేటంతా యేసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళే. వాళ్ళకొక అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. ఆ బియ్యం ప్రార్థన మందిరం వెనక పాకలో ఉండే ముగ్గురికి పోతుంది. చూపులేని ఆబేలు తాత, కాళ్ళు పడిపోయిన ఆయన చెల్లెలు, మంచం పట్టిన ఒక ముసలామె. పేట పెడితే తింటారు. పెట్టకపోతే లేదు.

లూదియమ్మ రోజూ మూడు పిడికిళ్ళు తీసేది. మొదటిది దేవుడికి. రెండోది కోడలు కెజియాకి. మూడోది తనకి. మూడూ ఒకే చేత్తో. "దేవుడికొక చెయ్యి, మనకొక చెయ్యీనా?" అనేది.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడూ రాలేదు. మూడో ఏడు మబ్బే పట్టలేదు.

పిడికెడు మానకూడదు, నిజమే. కానీ అది ఎవరి పిడికెడో ఎవరూ చెప్పలేదుగా! మొదటి ఏడు తల్లులు తమ చెయ్యి మాని పెద్దకూతుర్ని పిలిచారు. రెండో ఏడు చిన్నకూతుర్ని పిలిచారు. మూడో ఏడు ఉయ్యాల్లోని పసిబిడ్డను ఎత్తుకొచ్చారు. గుప్పిట్లో పట్టిన నాలుగు గింజలూ కుండలో రాల్చి "ప్రభువా, స్తోత్రం" అన్నారు. నవ్వుతున్నారా? మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. తర్వాత మా ఇంటి కుండ గుర్తొచ్చి ఊరుకున్నాను.

లూదియమ్మ మాత్రం తన చేత్తోనే తీసింది. కొన్నాళ్ళకు ఆ మూడో పిడికెడు లేకుండా పోయింది. గంజి తాగి పనికి పోయేది.

కెజియాకి అప్పుడు తొమ్మిదో నెల. మొగుడు దూరదేశం కూలికి పోయాడు. ఒక పొద్దున, రోకలి ఎత్తబోయి అత్త తూలడం చూసింది. పోయి బియ్యపు కుండకు అడ్డంగా కూర్చుంది.

"అత్తా, ఇవాళ దేవుడికి నా చేత్తో తీస్తా."

"నీ చెయ్యి చిన్నది కదే."

"అందుకే తీస్తానంటున్నా! నువ్వు పడిపోతే నాకు పురుడెవరు పోస్తారు? ఆ పాకలో వాళ్ళు లేచొచ్చి పోస్తారా?"

"ఆ దిగులు నాకూ ఉందమ్మాయ్. రోజూ ప్రార్థనలో అదే అడుగుతున్నా. సరే, తియ్యి. తీసింది నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వు."

కెజియా పిడికెడు బియ్యం కొంగున కట్టుకుని పోయింది. పాక గుమ్మం ఇవతలే మాటలు వినపడ్డాయి.

"అన్నా, ఇవాళ తినే వంతు నీది."

"నేను నిన్న తిన్నానుగా."

"నిన్న తిన్నది నేను. చూపే పోయిందనుకున్నా, మతి కూడా పోయిందా నీకు?"

కెజియా కాళ్ళు ఆగిపోయాయి. ముగ్గురూ వంతులేసుకుని తింటున్నారు! రోజుకొకరు!

ఆబేలు తాత చెవి రిక్కించాడు. "ఎవరది? లూదియమ్మ అడుగు కాదే." బియ్యం అరచేతిలో పోయించుకుని తడిమాడు. "చిన్న చెయ్యి. ఎవరి పాపవమ్మా?"

"పాపను కాదు తాతా. లూదియమ్మ కోడల్ని."

తాత ఆమెను కొంగు పట్టమన్నాడు. ఒక్క గింజ రాలకుండా ఆ బియ్యం మళ్ళీ ఆమె కొంగులోనే పోశాడు.

"నిండు చూలాలివని మీ అత్త చెప్పింది. ఇంట్లో జరక్కపోతేనే కదా ఇంత చిన్న పిడికెడు వచ్చింది. నువ్వు వండుకు తిను తల్లీ. మాకు అలవాటే."

కెజియా ఇంటికి పోలేదు. పేటలోకి పోయింది. మొదటి ఇంటి ముందు కొంగు విప్పింది. "వదినా, తాత తిరిగిచ్చేశాడు" అంది. ఆ వదిన తలుపేసుకుంది. రెండో ఇంటి ముందు విప్పింది. "పిన్నీ, తాత తిరిగిచ్చేశాడు" అంది. "మాకూ పిల్లలున్నారే" అంది పిన్ని. మూడో ఇల్లు రాళ్ళు కొట్టే హోషేయది. అప్పుడే అతని భార్య సలోమి చంటివాణ్ణి కుండ మీదికి వంచి గుప్పిటి విప్పుతోంది. వాకిట్లోంచి హోషేయ తొంగిచూశాడు.

"వాడి చేతికేమైంది?"

"ఏం కాలేదు. దేవుడికి పిడికెడు తీయిస్తున్నా."

"వాడితోనా! ఎప్పట్నుంచి?"

సలోమి తల దించుకుంది. కెజియానే చెప్పింది. వంతుల సంగతి చెప్పింది. తాత సంగతి చెప్పింది. అత్త తూలిన సంగతి చెప్పింది.

హోషేయ పుట్టాక బియ్యపు కుండ ముట్టి ఎరగడు. ఆ రోజుల్లో మగవాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. చేతులు కడుక్కున్నాడు. వంటింట్లోకి పోయాడు. సమ్మెట పట్టే చెయ్యి మణికట్టు దాకా ముంచాడు.

"అయ్యో, కుండ పగులుద్ది!" అంది సలోమి.

"పగలనీ. ప్రభువు నాకింత చెయ్యి ఇచ్చింది రాళ్ళ కోసమేనా? రేపట్నుంచి ఈ ఇంట్లో దేవుడి పిడికెడు నాది."

ఆ మాట పేటంతా పాకింది. మర్నాడు మొగుళ్ళందరూ సిగ్గుపడుతూ వంటిళ్ళలోకి దూరారు. ప్రతి ఇంట్లో కాస్త ఆకలి పెరిగింది. ఏ ఇంట్లోనూ ప్రాణం పోలేదు. హోషేయ ఇంటినుంచి లూదియమ్మకీ ఒక పిడికెడు వచ్చేది, వద్దంటే వినేవాడు కాదు. ఆమె మళ్ళీ రోకలి ఎత్తింది. వాన పడ్డ రోజు పాకలో ముగ్గురూ ఉన్నారు. ఆ వారంలోనే కెజియాకి కూతురు పుట్టింది. పురుడు పోసింది అత్తే.

చాలా ఏళ్ళకు లూదియమ్మ ప్రభువునందు నిద్రించింది. సమాధి మీద రాయి లేదు, పేరు లేదు. రేగుకొండ కింద మాత్రం ఇప్పటికీ ఎసరు మరిగితే ఇల్లాలు వాకిట్లోకి కేకేస్తుంది: "ఏమయ్యోవ్, లూదియమ్మ పిడికిలి వేసి పో!" ఎంత పనిలో ఉన్నా అతను చేతులు కడుక్కుని వస్తాడు. అత్త చెయ్యి పెద్దదైతే అత్త వేస్తుంది. పసివాళ్ళ చేత మాత్రం వేయించరు.

అమ్మలారా, అయ్యలారా, ఇందులో ఒక్క పని గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున ఎసరు పెట్టాక మీ ఇంట్లో అందరి చేతులూ చూడండి. అన్నిట్లోకీ పెద్ద చెయ్యి ఎవరిదో వాళ్ళని పిలవండి. ఎల్లుండి కూడా పిలవండి.