పాఠాల దొంగ

బడి పంతులు అవధానులుగారికి అందరిమీదా అనుమానమే. తన పాఠాలు పొరుగూరి పంతులు చాటుగా వినేస్తాడని కిటికీలన్నీ బిడాయించేవాడు. ఆ ఉక్కలో పిల్లలు కునికిపాట్లు పడేవాళ్ళు. పడితే బెత్తం దెబ్బలే.

మనవడి వీపుమీద వాతలు చూసి మజ్జిగమ్మే సింగమ్మ బడికొచ్చింది. ఈవిణ్ణి ఎవరు పంపారోనని పంతులు ఎగాదిగా చూశాడు.

సింగమ్మ గొంతు తగ్గించింది. "మూసిన కిటికీకి చెవి ఆనించి ఎవడు వింటున్నాడో మీకెలా తెలుస్తుంది పంతులుగారూ?"

పంతులు ఒక్క అంగలో కిటికీ దగ్గరికెళ్ళాడు. కిటికీలన్నీ బార్లా తెరిచి, బయటికే చూస్తూ పాఠం చెప్పాడు. చల్లగాలికి ఒక్కరూ కునకలేదు.

సాయంత్రం సింగమ్మని నిలదీశాడు. "దొంగెవడూ రాలేదేం?"

"తెరిచుంటే ఎలా వస్తాడండీ? మూసి చూడండి, మళ్ళీ వచ్చేస్తాడు."

మర్నాడే పంతులు కిటికీ రెక్కలన్నీ ఊడబీకించాడు.