కుడికాలి మేజోడు

కొండ కింద ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఉన్నవి రెండే వీధులు, పైవీధి, కిందివీధి. మంచు కురిసినన్నాళ్ళూ కనుమ దారిలో దీపం పెట్టడానికి కొండ మీద ఒక కావలివాడు ఉంటాడు. ఏటా చలి మొదలయ్యేటప్పుడు ఊరు అతనికి ఒక జత మేజోళ్ళు ఇస్తుంది. ఎడమకాలిది పైవీధి అల్లాలి, కుడికాలిది కిందివీధి అల్లాలి. కావలివాడు మావాడంటే మావాడని కొట్టుకు చావకుండా పూర్వం పెద్దలు చేసిన ఏర్పాటు ఇది.

నిజానికి అల్లిన మేజోటికి ఎడమా కుడీ ఉండవు. ఏ కాలికి తొడిగితే ఆ కాలిదవుతుంది. సూదులు పట్టిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఎడమ మాది, కుడి మీది అని తరాల తరబడి ఊరేగారు, ఏం చెప్తాం.

జత తయారయ్యేదాకా ఒకరి ఊలు ఒకరు చూడకూడదు, ఒకరినొకరు అడగకూడదు. చివరికి జత కలవకపోతే తప్పెవరిదో తేల్చి, ఆ మనిషి చేత సూదులు కింద పెట్టిస్తారు. ఇక జన్మలో ఊలు ముట్టడానికి లేదు.

పైవీధి మేజోడు అల్లేది ఒక అవ్వ. కిందివీధిలో అల్లే ముసలావిడ ఆ ఏడు పోవడంతో పని ఆవిడ కోడలి నెత్తిన పడింది. కోడలిది లేసు శాలువాల చెయ్యి. అందుకే ఊరంతా ఆమెను శాలువాలమ్మ అంటారు. శాలువాలు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి రాజదు. అంతకన్నా, సూదులు లేకపోతే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు.

శాలువాకి ఊలు ఎంచడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. మెడకి రాసుకుని చూస్తుంది. గుచ్చుకోకపోతే అదే ఊలు. అల్లికలో చిన్న తప్పు పడినా, తడిపి నాలుగు వైపులా లాగి ఆరబెడితే సర్దుకుంటుంది. మేజోడు అలా సర్దుకోదు. మడమ దగ్గర తప్పితే తప్పినట్టే.

ఊలు బుట్ట ముందేసుకుని కూర్చుంది. ముసలివాళ్ళిద్దరూ ఎప్పుడూ మట్టిరంగు ముతక ఊలే వాడేవారు. కనుక అవ్వ ఈసారీ ముతకదే తీస్తుంది. కానీ కోడలి చెయ్యి సన్నదని అవ్వకీ తెలుసు కదా, పోనీలే పాపం అని సన్న ఊలు తీస్తుందేమో. అవ్వ అలా అనుకుంటుందని తను కనిపెట్టినట్టు అవ్వ కూడా కనిపెడితే? శాలువాలమ్మకి బుర్ర తిరిగిపోయింది. ముతకతో మొదలెట్టి విప్పింది, సన్నదానితో మొదలెట్టి విప్పింది. అన్నం ముందు కూర్చుని కూడా రెండు రకాల ఊలూ చేతిలో నలుపుతూ ఉండిపోయింది. ఆఖరికి అత్తగారి మీద భారం వేసి ముతకదే అల్లింది.

రెండు వీధుల మధ్య మెట్ల దగ్గర మూటలు విప్పి జత పెట్టి చూశారు. శాలువాలమ్మది మట్టిరంగు, దళసరి. అవ్వది పాలతెలుపు, మల్లెపువ్వంత మెత్తన. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మారి, ఒకరినొకరు దాటిపోయారు.

తప్పెవరిదని రెండు వీధులూ అరుచుకున్నాయి. ఊరిపెద్ద విసిగిపోయి, జత తీసుకుని పైకి వెళ్ళమనీ, ఏది వద్దంటాడో కావలివాణ్ణే అడిగి రమ్మనీ శాలువాలమ్మకి చెప్పాడు. ఎప్పుడూ మేజోళ్ళు సగం దారిలో ఒక రాతి మీద పెట్టి వచ్చేవారు. గుడిసెదాకా ఎవరూ వెళ్ళింది లేదు.

శాలువాలమ్మ వెళ్ళింది. గుడిసె ముందు ఒక ముసలివాడు కర్ర కాలు విప్పి పక్కన పెట్టుకుని, ఎండకి కూర్చుని ఉన్నాడు. ఉన్నది ఎడమకాలు. కుడికాలు ఎప్పుడో మంచుకి పోయిందట. తన అత్తగారు ఏ కాలికి అన్నేళ్ళు అల్లిందో ఆ కాలే లేదని చూసేసరికి ఆమెకి ఏడవాలో నవ్వాలో తోచలేదు.

అతను మేజోళ్ళు రెండూ అందుకుని మురిసిపోయాడు. మంచులో ముతకది వేసుకుంటాడట, మంచు కరిగాక సన్నది వేసుకుంటాడట. ఇన్నాళ్ళూ రెండూ ముతకవే కావడంతో ఎండలు వస్తే ఒట్టికాలితోనే తిరిగేవాడట.

"ఈ సంగతి కింద చెప్పనా?" అని అడిగింది.

"చెప్పకమ్మా," అన్నాడు. "కుడికాలు లేదంటే మీ వీధి మానేస్తుంది. మేమొక్కళ్ళమే ఎందుకివ్వాలని మరుసటేడు పైవీధీ మానేస్తుంది."

కొండ దిగుతున్నంతసేపూ ఆమె ఆలోచించింది. చెప్తే అతని మేజోళ్ళు పోతాయి. చెప్పకపోతే తన సూదులో, అవ్వ సూదులో పోతాయి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

మెట్ల దగ్గర జనం కాచుకుని ఉన్నారు. ఏది వద్దన్నాడని అడిగారు. రెండూ ఉంచుకున్నాడని చెప్పింది. జత కలవనివి ఎలా ఉంచుకున్నాడని, ఏది సరైనదని మళ్ళీ అడిగారు.

"నాకు తెలియలేదు. మీరే వెళ్ళి ఆయన కాళ్ళకేసి చూసి తేల్చండి," అంది.

ఊరిపెద్ద కొండ వంక చూశాడు. పైవీధివాళ్ళు కిందివీధివాళ్ళ వంక చూశారు. ఒకాయనకి మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చింది, ఇంకొకాయనకి పశువులు గుర్తొచ్చాయి. ఎవరూ లేవలేదు. సూదులు కింద పెట్టించే మాట వచ్చే ఏటికి వాయిదా వేసి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

అవ్వ మాత్రం మెట్టు మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి గొంతు తగ్గించి, "మనిషి ఎలా ఉన్నాడే అమ్మాయీ?" అని అడిగింది.

ఆ ఊళ్ళో ఆ మాట అడగడం అదే మొదలు. శాలువాలమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. గుడిసె ముందు ఎండకి కూర్చుని ఉన్నాడని మొదలుపెట్టింది.