నత్త మెచ్చిన తెల్లగొడుగు

అనగనగా ఒక అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అడవికి ఆయనే పెద్ద. ఆకాశం ఉరిమితే చాలు, పుట్టగొడుగులు గుర్తొచ్చి ఆయనకు నోరూరేది. తినాలని ఆశ, తింటే పోతానేమోనని భయం.

బాగా ఆలోచించి శంఖయ్య అనే నత్తను పిలిపించాడు. అడవిలో ఏ పుట్టగొడుగు మొలిచినా ముందు నత్త తినాలి. తెల్లారేసరికి నత్త బతికుంటే అది మంచిదే. అంతే, పరీక్ష అయిపోయినట్టే.

మొదటిసారి పుట్ట మీద మొలిచినవి తెచ్చారు. శంఖయ్య తిన్నాడు, బతికాడు. అడవంతా తిని తేన్చింది. రెండోసారి వెదురుపొదల్లోవి తెచ్చారు. అప్పుడూ అంతే. ఇక శంఖయ్యకు పట్టపగ్గాల్లేవు. అందరూ పండితుడని పిలిచి పూలదండ వేశారు. ఆ దండ బరువుకి పాపం ఆయన చాలాసేపు కదల్లేకపోయాడు.

మూడోసారి వచ్చింది అసలు చిక్కు. పెద్ద వాన వెలిశాక, చెవులమ్మ అనే కుందేలు ఏటి ఒడ్డున కొత్తరకం గొడుగులు చూసింది. పాలలా తెల్లగా ఉన్నాయి. కాడ చుట్టూ కుచ్చు, అడుగున చిన్న సంచి. అలాంటివి ఆ అడవిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. చెవులమ్మ పిల్లల తల్లి. వెంటనే భల్లయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, ఇవేమిటో మనకు తెలీదు. తెలీనివాటిని వదిలేద్దాం," అంది.

భల్లయ్య నవ్వాడు. పండితుడుండగా కుందేలు సలహా ఎందుకన్నాడు. శంఖయ్య రాత్రంతా తీరిగ్గా మేశాడు. పొద్దున్నే కొమ్ములు ఊపుతూ, చాలా బాగుందన్నాడు.

అప్పుడు భల్లయ్యకు ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత అరుదైన వస్తువును అందరికీ పంచడం దండగ. మొత్తం తనే తినేశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక అడవికి చేసిన మేలు అదొక్కటే.

సాయంత్రానికి కడుపు పట్టుకుని నేలమీద దొర్లాడు. చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. లేవగానే నత్తను పిలిపించాడు.

"బాగుందన్నావు కదయ్యా. నన్నెందుకు చంపబోయావు?"

శంఖయ్యకు ఆశ్చర్యం వేసింది. "నేను బతుకుతానా అని చూశారు. బతికాను. మీరు బతుకుతారా అని ఎవరైనా అడిగారా? అడిగినా నాకేం తెలుసయ్యా, నాది నత్త కడుపు."

ఆ మాటని శంఖయ్య నిదానంగా ఏటి ఒడ్డుకు బయల్దేరాడు. అక్కడ మళ్లీ తెల్లవి మొలిచాయట.

నీతి: ఒకరికి పడింది మనకూ పడుతుందని నమ్మకూడదు, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని వదిలేయడమే మేలు.