చివరి వరుసలో తగ్గిన బాతు

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, వాళ్ళకి ఊరే లేదు తల్లీ. కోతలైన చేలల్లో రాలిన గింజల కోసం పెన్న ఒడ్డున ఊరూరా బాతుల్ని తోలుకు తిరిగేవాళ్ళు. పెంచలమ్మ, ఆవిడ మొగుడు చెంగయ్య, కూతురు పోలేరి.

మందలో రెండువేల ఐదువందల ఇరవై బాతులు. ఆ లెక్క పెంచలమ్మ అత్తగారు పెట్టి పోయింది. ఆవిడకి వందలూ వేలూ రావు. ఒక్కో బాతునీ చేర్చుకుంటూ పోయి ఆ లెక్క పట్టుకుంది. వరుసకి రెండేసి పంపినా, ఏడేసి పంపినా, పదేసి పంపినా, పది లోపు ఎలా పంపినా చివరి వరుస నిండాల్సిందే. అలా నిండే లెక్కల్లో అదే అన్నిటికన్నా చిన్నది.

తడిక సందులోంచి బాతుల్ని వరుసలుగా పంపుతూ, "చివరి వరుస చూడవే కోడలా, అదే చెబుతుంది" అనేది అత్త. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా ఆ గొంతు పెంచలమ్మ చెవిలోనే ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఇంకో ఊరికి బయల్దేరారు. చెంగయ్య పదేసి పంపాడు. చివరికి తొమ్మిదే వచ్చాయి.

"నిద్రమత్తు వదల్లేదేమయ్యా?" అంది పెంచలమ్మ.

అప్పుడు పోలేరి తొమ్మిదేసి పంపింది. చివరికి ఎనిమిదే.

"నీ కూతురికీ వదల్లేదే!" అని నవ్వాడు చెంగయ్య.

ఆ తర్వాత పెంచలమ్మ ఎనిమిదేసి పంపింది. చివరికి ఏడే.

ఆవిడ తడిక వదిలేసింది. "మనం తప్పితే తలోరకంగా తప్పుతాం. మూడుసార్లూ ఒక్కటే తగ్గింది. ఒక బాతు నిన్నటి చేలో ఉండిపోయిందయ్యా! అక్కడ మోళ్ళకి ఇవాళే నిప్పు పెడతారట."

"ఇన్నింట్లో ఒక్కటేగా! ఎండెక్కితే మంద నడవదు, పదవే."

"మనకి ఒక్కటే. దానికి మంద మొత్తం పోయినట్టే కదా!"

అంటూనే పరుగెత్తింది. గట్టు వెంట వెతికింది, లేదు. గడ్డివాము చుట్టూ వెతికింది, లేదు. అవతలి మూల అప్పటికే పొగ లేచింది. ఆఖరికి చేని పక్క బోదె కాలువలోకి దిగింది. అక్కడ పాత వలలో కాలు చిక్కుకుని, అరిచి అరిచి గొంతు పోయి కూర్చుంది పిచ్చిది. పెంచలమ్మ ఆ దారాన్ని పళ్ళతో కొరికి, బాతుని కొంగులో చుట్టుకుని దగ్గుకుంటూ బయటపడింది.

తెచ్చి మందలో వదిలింది. అప్పుడు చెంగయ్య తనే తడిక పట్టుకుని ఏడేసి పంపాడు. చివరి వరుసలో ఏడూ ఉన్నాయి.

"అమ్మా, వాటిలో తప్పిపోయింది ఏది?" అంది పోలేరి.

పెంచలమ్మ కళ్ళు చికిలించి చూసింది. అన్నీ ఒకేలా తోకలూపుకుంటూ పోతున్నాయి. ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది.

"ఏదైతేనేమే, అన్నీ ఉన్నాయి" అని కళ్ళు తుడుచుకుంది.

బాతులేమో చేనికి,
కథేమో కంచికి,
నా బంగారు కళ్ళేమో నిద్దరకి.