సున్నా రాయి పక్క దుకాణం

గవరయ్యకి తన ఇంటి తెలివి మీద మహా గురి. ఎందుకుండదు? పెద్ద రోడ్డు అతని టీ దుకాణం ముందే మొదలయ్యేది. పక్కనే సున్నా అంకె వేసిన రాయి కూడా ఉండేది. "ఇంత దేశంలో రోడ్డు మన కాడే ఎందుకు మొదలెట్టారంటావు? తెలివైనోళ్ళ ఇల్లు చూసే!" అని రోజూ భార్య అప్పలకొండతో అనేవాడు. ఆవిడ ఒప్పుకునేది. తమ్ముడు సింహాలు ఇంకా గట్టిగా ఒప్పుకునేవాడు.

ఆ రోడ్డు మొదలు ఇదివరకే రెండుసార్లు మారింది. రేవు నుంచి సంతకి, సంత నుంచి ఇక్కడికి. ఓ రోజు జీపులో ఆఫీసరొచ్చాడు. "ఈ హైవే రద్దయిపోయింది. ఇకమీదట ఇక్కడ హైవే లేదు" అని చెప్పి, రాయి పీకించి పట్టుకుపోయాడు.

అంతే. లేని రోడ్డు మీద నడిస్తే పడిపోమూ అనుకుని, ఆ రోజు నుంచి ముగ్గురూ పక్క కాలవలో, మోకాలి లోతు బురదలో నడిచారు.

లారీలన్నీ ఊరి బయట కొత్తగా వేసిన బైపాస్ పట్టాయి. పులిసిన దోసెల పిండి గేదెకి పోస్తూ అప్పలకొండ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పొయ్యి ఆరిపోతే ఏటి తిని బతుకుతాం మావా?" అని గవరయ్యని అడిగింది.

పాత బేరం మీద అభిమానంతో వచ్చిన లారీ డ్రైవరు నూకరాజు టీ తాగుతూ చెప్పాడు. "బైపాస్ మొదట్లో కొత్త సున్నా రాయి వేశారు మావా. ఇప్పుడు రోడ్డు ఆ రాయి కాడే మొదలు."

ఇంకేముంది! అన్నదమ్ములు గునపాలతో వెళ్ళి, ఆ రాయి పెకలించి, బండి మీద తెచ్చి దుకాణం పక్కన పాతేశారు. రాయి వెనకే రోడ్డూ వస్తుందని వారం రోజులు కూర్చున్నారు. రాలేదు. "రోడ్డు బరువు కదా అన్నియ్యా, నెమ్మదిగా వస్తాది" అన్నాడు సింహాలు.

ఇవేవీ తెలియని నూకరాజు ఫోన్ చేశాడు. "దుకాణమే ఎత్తుకెళ్ళి ఆ రాయి పక్కన పెట్టుకో మావా!"

గవరయ్యకి నచ్చింది. పాక విప్పి, పొయ్యి, పెనం బండికెత్తి, తెల్లారేసరికి బైపాస్ చేరారు. లారీలు బారులు తీరి ఉన్నాయి. "టీ ఉందా?" అని డ్రైవర్లు కేకలేశారు. "ఆగండి బాబూ, ముందు రాయి దొరకాలి!" అని గవరయ్య విసుక్కున్నాడు. మధ్యాహ్నం దాకా వెతికితే గొయ్యి దొరికింది గాని రాయి దొరకలేదు.

"ఏ దొంగెదవ ఎత్తుకుపోయాడో!" అని అప్పలకొండ తిట్టిపోసింది.

ఉసూరుమంటూ తిరిగొస్తుంటే దారి పక్కన కనిపించింది రాయి. పక్కనే ఖాళీ జాగా కూడా! ముగ్గురూ ఎగిరి గంతేశారు. అక్కడే పాక వేసి, పొయ్యి పెట్టారు.

"ఈ చోటు ఎక్కడో చూసినట్టుంది మావా" అంది అప్పలకొండ.

"మంచి చోటు అలాగే ఉంటాది" అన్నాడు గవరయ్య. "ఒరే సింహాలూ, పాత చోటికి ఎవరైనా వచ్చి తిరిగిపోతారేమో. అక్కడ నిలబడి ఇటు పంపించు."

సింహాలు కాలవలో పడి ఊరంతా చుట్టి, రొప్పుతూ దుకాణం వెనక నుంచి వచ్చాడు. "అన్నియ్యా, ఘోరం! మన పాత చోట ఎవడో పాక వేసేశాడు! పొయ్యి కూడా అచ్చం మనదే!"

ఇంకేముంది, గవరయ్యకి ఒళ్ళు మండిపోయింది. మన బేరం లాక్కుంటాడా అంటూ గునపం అందుకుని, సింహాలు చూపించిన పాక పీకి పారేశాడు. పొయ్యి ముక్కలు చేశాడు.

"ఇంక మనకి పోటీ లేదు మావా" అని అప్పలకొండ హాయిగా నిట్టూర్చి, రేపటి దోసెలకి పిండి రుబ్బడానికి కూర్చుంది.