తౌడమ్మ చెంబు

తప్పంతా డేరా వేసిన చోటులోనే ఉంది. కలెక్టరు దొరకు మంచినీళ్ల బావి పక్కనే డేరా వేశారు. దొర మకాం ఉన్నన్నాళ్లూ ఆ బావి ఊరిది కాదు.

మన ముత్తాతలకు మీసాలు రాని రోజుల మాట ఇది. ఊరు నీలంపేట. నడివేసవి. జనం చెరువు అడుగున మిగిలిన బురదనీళ్లు తాగారు. తౌడమ్మ మనవరాలు ఆ నీళ్లే తాగి, వాంతులతో మంచం పట్టింది. దొర మకానికి నీళ్లు మోసే వెట్టి తౌడమ్మదే. మంచినీళ్లు రోజూ ఆమె నెత్తి మీదే ఉండేవి. ఇంటికి మాత్రం చుక్క పోనిచ్చేవారు కాదు.

ఆమె దొరకు చెప్పుకుందామని డేరా దగ్గరికి వెళ్లింది.

"దొరగారు స్నానంలో ఉన్నారు, పో" అన్నాడు డేరా ముందు కాపలా ఉన్న డఫేదారు.

మళ్లీ వెళ్లింది.

"భోజనంలో ఉన్నారు, పో."

మళ్లీ వెళ్లింది.

"కునుకులో ఉన్నారు, పో."

"దొరగారికి దాహం ఎప్పుడేత్తాదో అదైనా సెప్పు బాబూ" అంది తౌడమ్మ.

సాయంత్రం దొరకు దాహం వేసింది. తౌడమ్మ చెంబు అందించింది. దొర అందులోకి చూసి మొహం చిట్లించాడు.

"ఏమిటిది?"

"తమరొచ్చిన కాడి నుంచి ఊరు తాగుతున్న నీళ్లే బాబూ. నా మనవరాలు తాగి పడిపోనాది. తమరూ ఓపాలి సూడండి."

డఫేదారు చెయ్యెత్తాడు. దొర ఆ చెయ్యి ఆపాడు. పొద్దు గుంకక ముందే మేకులు పీకించి, డేరాను మామిడితోపులోకి మార్పించాడు. బావి ఊరికి దక్కింది. పిల్ల తేరుకుంది. ఊరంతా చేతులెత్తి మొక్కింది.

"దొర కాదే, దేవుడు!" అన్నాడు మునసబు.

"దేవుడే బాబూ. కాపోతే దేవుడికి బదిలీలుండవు" అంది తౌడమ్మ.

ఆమె అన్నట్టే అయింది. మరుసటి వేసవికి కొత్త దొర వచ్చాడు. పైవాళ్లు ఆయనకు జిల్లానైతే అప్పగించారు గానీ, నీలంపేట బావి సంగతి చెప్పలేదు. మేకులు మళ్లీ బావి దగ్గరికే వచ్చాయి. అప్పటికే తౌడమ్మ అక్కడ కూర్చుని ఉంది, ముందు చెరువునీళ్ల చెంబు పెట్టుకుని.

"ఇది సూసినాక మేకు కొట్టండి."

ఆ దొరా చూశాడు. డేరా తోపులోకి పోయింది.

ఇప్పటికీ నీలంపేటకు కొత్త అధికారి ఎవరొచ్చినా, ముందు చెరువునీళ్లు చూపించి, ఆ తర్వాతే బావినీళ్లు తాగనిస్తారు. చూపించకపోతే పెద్దలు ఊరుకోరు. "తౌడమ్మ చెంబు ఏదర్రా?" అని అడుగుతారు.

దొర ఎవరైనా సరే, మేకు కన్నా ముందు తానే అక్కడ ఉండాలని తౌడమ్మ ఆ రెండో వేసవిలో అనుకుంది. ఆ తర్వాత ఏ వేసవీ తప్పలేదు, తన కాళ్లు పడిపోయిన ఏడాది కూడా. మంచంతో సహా మోయించుకుని వచ్చింది. మంచానికి ఒక కొస పట్టింది ఆ మనవరాలే.