ఉప్పునేలకు నడిచిన సేన

ఆ ఎడారిలో మిట్టమధ్యాహ్నం ఇసుక తిన్నెలు మూలుగుతాయి. గాలి లేకపోయినా మూలుగుతాయి. తోడేళ్ల మీద యుద్ధమని సింహచక్రవర్తి సేన అక్కడికి దిగింది. ఏనుగులు, గుర్రాలు, ఎద్దులు, అబ్బో, బోలెడు. ఏం లాభం? నీటి చెలమ ఎక్కడుందో ఒక్కదానికీ తెలియదు. దారి చూపేది ఎడారి ఒంటెలు. పెత్తనం మాత్రం సేనాపతి నక్కది.

"దహ్మాన్ మామా," అంది నక్క ఒంటెల పెద్దతో, "తోడేళ్లు దాహంతో అల్లాడుతున్నాయట. సంధి మాట్లాడుకుందాం, చెలమ దగ్గరికి రమ్మని కబురు పెట్టు. నువ్వు పిలిస్తేనే నమ్ముతాయి."

"పిలుస్తాను. కానీ మా చెలమలో మూతి పెట్టినవాడు మాకు చుట్టం. నా తండ్రిని చంపినవాడైనా సరే, తాగి వెళ్లేదాకా వాడి మీద గోరు పడకూడదు."

"ఆ మాత్రం మర్యాద మాకు తెలియదా మామా?"

తోడేళ్లు వచ్చాయి. తలలు వంచి తాగుతుండగా సేన వాటి మీద పడింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. చెలమ ఎర్రబడింది. వింతేమిటంటే, తోడేళ్లన్నీ చచ్చాక కూడా నాలుకలతో నీళ్లు తాగే చప్పుడు ఆగలేదు.

దహ్మాన్ అరవలేదు, తిట్టలేదు. "నా మాట చచ్చిపోయింది," అని మందను లేపి నడక సాగించింది.

ముసలి ఎద్దుకు భయం వేసింది. "ఒంటెల్ని బతిమాలి వెనక్కి పిలుద్దాం దొరా. ఈ నీళ్లు ఇక ఎవరు తాగుతారు?"

"ఏరు దాటాక తెప్పతో పనేమిటి?" అంది నక్క. "ఒంటెలు నీళ్ల దగ్గరికి కాక ఎక్కడికి పోతాయి? జాడ పట్టుకుని నడవండి."

నడిచాయి. మొదటి రోజు ఏనుగులు కూలాయి. రెండో రోజు గుర్రాలు. వెనక ఎవరో నీళ్లు తాగుతూనే ఉన్నారు. తిరిగి చూస్తే ఇసుకలో తమ అడుగుల పక్కనే తోడేళ్ల అడుగులు, తడితడిగా.

మూడో రోజు ఉప్పునేల వచ్చింది. చెట్టు లేదు, చెమ్మ లేదు. ఒంటెలన్నీ మోకాళ్లు మడిచి కళ్లు మూసుకుని కూర్చున్నాయి.

"నీళ్లేవి మామా?" నక్క నాలుక పిడచకట్టుకుపోయింది.

"మా మాట నమ్మి వచ్చిన చుట్టం చస్తే మేం ఏడు రోజులు నీళ్లు ముట్టం. నీళ్లు లేని చోటు వెతుక్కుని కూర్చుంటాం. అది మా ఆచారం," అంది దహ్మాన్. "మా వెంట రమ్మని నీకెవరు చెప్పారు?"

"నీ కాళ్లు పట్టుకుంటాను. చెలమ ఎటో ఒక్క మాట చెప్పు."

"ఏ మాట చెప్పను? ఉన్న ఒక్క మాటనూ నువ్వే చంపావు కదా."

నక్క వెనక్కి తిరిగింది. సేనలో ఒక్కటీ నిలబడి లేదు.

విన్నవాళ్లు మనసులో పెట్టుకోండి: దారి చూపేవాడి పరువు తీసినవాడికి దారి దొరకదు.